గింజ దాచినా రకం బతకదు: ఇటలీ రెడ్ వైన్లు, వాటి దేశీ ద్రాక్షలు



దేశీ విత్తనం అనగానే మనకు గుర్తొచ్చేది కుండలో దాచిన వడ్లు, బూడిద కలిపి పెట్టిన కందులు, దూలానికి వేలాడదీసిన మొక్కజొన్న కంకులు. గింజ చేతిలో ఉంటే రకం చేతిలో ఉన్నట్టే అని మన ధైర్యం. కానీ కొన్ని పంటలకు ఆ ధైర్యం పనికిరాదు. మా ఊళ్లో తాతల నాటి రసాల మామిడి చెట్టు ఒకటి ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. టెంకలు ఉన్నాయి కదా అనుకున్నాం. నాటాం, మొలిచాయి, కాశాయి కూడా. కానీ ఆ కాయ రాలేదు, ఆ రసం రాలేదు. బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి రాదని తెలిసి కూడా, ఆ చెట్టు కొట్టేముందు ఒక్క కొమ్మ అంటు కట్టుకోవాలని ఎవరికీ తోచలేదు.

ద్రాక్షదీ ఇదే కథ. ద్రాక్ష గింజ నాటితే తల్లి లాంటి మొక్క రాదు, కొత్త రకం ఏదో వస్తుంది. తల్లి రకం కావాలంటే కొమ్మ ముక్క నాటాలి, లేదా అంటు కట్టాలి. అంటే ఒక ద్రాక్ష రకం బతకాలంటే ఎక్కడో ఒక తోటలో తీగగానే బతికి ఉండాలి. ఆఖరి తీగ ఎండిపోతే రకం పోయినట్టే, గింజలు బస్తాలకొద్దీ ఉన్నా తిరిగి రాదు.

అలాంటి పంటలో ఇటలీ దేశం ఈరోజుకీ 500కు పైగా వైన్ ద్రాక్ష రకాలను తన జాతీయ రిజిస్టరులో ఉంచుకుంది. అందులో ఎక్కువ భాగం అక్కడి రకాలే. అవి ఎలా బతికాయి, కొన్ని ఎలా పోబోయి ఆగాయి, వాటిని సాగు చేసే సేంద్రియ రైతులకు ఉన్న ఇబ్బందులేమిటి అన్నది ఈ వ్యాసం. వీడియోలో రకాల పేర్లు గబగబా వెళ్లిపోతాయి, అందుకే ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. వైన్ తాగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. రైతుగా ఆ పంట వెనక ఉన్న పని చూద్దాం.

రెడ్ వైన్‌కు ఎరుపు ఎక్కడిది?

నల్ల ద్రాక్షను పిండితే చాలా రకాల్లో వచ్చేది దాదాపు రంగులేని రసమే. రంగు ఉండేది తొక్కలో. అందుకే రెడ్ వైన్ చేసేటప్పుడు రసాన్ని తొక్కతో, గింజతో కలిపే రోజుల తరబడి పులియబెడతారు. ఈస్ట్ అనే సూక్ష్మజీవి రసంలోని చక్కెరను తిని ఆల్కహాల్ చేస్తుంది. ఈలోపు తొక్క నుంచి రంగు, తొక్క నుంచీ గింజ నుంచీ వగరు దిగుతాయి. ఈ వగరునే టానిన్ అంటారు. పచ్చి జామకాయ కొరికినా, వక్క నమిలినా నాలుక పట్టేసినట్టు అవుతుంది చూశారా, అదే.

మూడు విషయాలు గుర్తుపెట్టుకుంటే ఏ రకం గురించి చెప్పినా అర్థమవుతుంది: తొక్కలో రంగు ఎంత, వగరు ఎంత, రసంలో పులుపు ఎంత. నాలుగోది, మన రైతులకు ముఖ్యమైనది, ఎన్ని రోజులకు కోతకొస్తుంది. ఒక్కో రకంలో ఈ నాలుగూ ఒక్కోలా కుదురుతాయి. అందుకే ఒక కొండకు నప్పిన రకం పక్క కొండకు నప్పదు.

ఇంకో మాట. ఇటలీ వైన్ సీసా మీద చాలాసార్లు ద్రాక్ష పేరు ఉండదు, ఊరి పేరో ప్రాంతం పేరో ఉంటుంది. బరోలో అనేది ఊరి పేరు, అందులో వాడే ద్రాక్ష నెబ్బియోలో. కియాంతి అనేది కొండల ప్రాంతం, ద్రాక్ష సాంజోవేసే. ఒక తికమక కూడా ఉంది. మోంటెపుల్చానో అనే పేరు టస్కనీలో ఒక ఊరిది, అబ్రుట్సో ప్రాంతంలో ఒక ద్రాక్షది. ఆ ఊరి వైన్‌లో ప్రధాన ద్రాక్ష సాంజోవేసే, మోంటెపుల్చానో కాదు. పేరు ఒకటే, సంబంధం లేదు.

ఉత్తరం నుంచి దక్షిణానికి

ఇటలీ పటం బూటు ఆకారంలో ఉంటుందని చిన్నప్పుడు చదువుకున్నాం. పైన ఆల్ప్స్ మంచు కొండలు, కింద ఎండకు కాలిపోయే సిసిలీ దీవి. మధ్యలో వెన్నెముక లాగా కొండల వరస. అందుకే ప్రతి లోయకూ ఒక ద్రాక్ష.

వాయవ్యాన పియెమోంటెలో నెబ్బియోలో ఉంది. బరోలో, బార్బరెస్కో వైన్లు దీనివే. పేరు మంచు అనే అర్థమున్న 'నెబ్బియా' నుంచి వచ్చిందంటారు. కోతవేళ అక్టోబరులో ఆ లోయల్లో దట్టమైన పొగమంచు ఉంటుంది. కాయ మీద పౌడరు చల్లినట్టుండే తెల్లని పూత వల్ల వచ్చిందని మరికొందరంటారు. ఈ రకం ముందుగా చిగురిస్తుంది, ఆలస్యంగా పండుతుంది. అంటే వసంతంలో మంచు దెబ్బకూ, చివర్లో వాన దెబ్బకూ రెండింటికీ దొరుకుతుంది. అందుకే కొండ మీద బాగా ఎండ తగిలే చోటే దీనికిస్తారు. వైన్ చూస్తే రంగు పలుచన, నోట పెడితే వగరూ పులుపూ గట్టిగా ఉంటాయి. బరోలో అని అమ్మాలంటే కనీసం 38 నెలలు నిల్వ ఉంచాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. రైతు పండించిన పంటకు మూడేళ్లకు పైగా ఆగాలన్నమాట.

మరి అంతవరకు ఇల్లు గడిచేదెలా? అదే ప్రాంతంలో బార్బేరా, దోల్చెత్తో ఉన్నాయి. దోల్చెత్తో ముందుగా పండుతుంది, దాని వైన్ తొందరగా అమ్ముడవుతుంది. బార్బేరా బాగా కాస్తుంది, పులుపు ఎక్కువ, వగరు తక్కువ. మంచి ఎండ చరియ నెబ్బియోలోకి, మిగతా నేల ఈ రెండింటికి. మన దగ్గర నల్లరేగడిలో ఒకటి, చెలకలో ఒకటి వేసుకున్నట్టే.

ఈశాన్యాన వెరోనా పక్కన వాల్పోలిచెల్లాలో కోర్వీనా, కోర్వినోనే, రొండినెల్లా కలిపి వాడతారు. కోర్వినోనేని చాలాకాలం కోర్వీనాలోనే పెద్దకాయ రకం అనుకున్నారు, 1990ల్లో పరీక్షిస్తే రెండూ వేరని తేలింది. ఇక్కడ మనకు బాగా తెలిసిన దృశ్యం ఒకటి కనిపిస్తుంది: పందిరి. కోర్వీనా కొమ్మకు మొదటి కణుపుల దగ్గర గుత్తులు సరిగా రావు, కాబట్టి కొమ్మను పొట్టిగా కత్తిరిస్తే పంట పోతుంది. పొడుగ్గా వదలాలి, పొడుగు కొమ్మ పరుచుకోవడానికి పందిరి కావాలి. పందిరి పాత అలవాటు అని తీసిపారేసే ముందు ఆ రకానికి అదెందుకు వేశారో అడగాలి అనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఇదే ప్రాంతంలో అమరోనే అనే వైన్ చేస్తారు. కోసిన గుత్తుల్ని గాలి ఆడే అటకల మీద, రెల్లు తడికల మీద మూడు నాలుగు నెలలు ఆరబెడతారు. బరువులో మూడో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే తగ్గుతుంది. మిగిలిన చిక్కటి రసంతో వైన్. తొక్క గట్టిగా ఉన్న కోర్వీనా కాబట్టే కుళ్లకుండా అన్ని నెలలు నిలుస్తుంది.

దానికి దక్షిణాన మోదెనా దగ్గర లాంబ్రుస్కో ఉంది. ఇది ఒక రకం కాదు, ఒక కుటుంబం. ఇందులో సోర్బారా అనే రకం పూలలో పుప్పొడి పనిచేయదు. ఒంటరిగా వేస్తే పూత ఉంటుంది కానీ కాయ నిలవదు. అందుకని రైతులు మధ్యమధ్యలో సలమీనో అనే ఇంకో లాంబ్రుస్కోని నాటుతారు. ఒకే రకం తోట అంతా వేసేద్దాం అనే ఆలోచన ఈ తీగ దగ్గర సాగదు.

మధ్య ఇటలీకి వస్తే సాంజోవేసే. దేశంలో ఎక్కువ విస్తీర్ణంలో ఉన్న ఎర్ర రకం ఇదే. టస్కనీలో కియాంతి, బ్రునెల్లో ది మోంటాల్చీనో దీనితోనే. బ్రునెల్లోలో వేరే ద్రాక్ష చుక్క కూడా కలపకూడదని నియమం. పులుపు బాగా ఉంటుంది, నేల మారితే రుచి మారిపోతుంది. పక్కన ఉంబ్రియాలో మోంటెఫాల్కో ఊరి చుట్టూ సాగ్రాంతీనో ఉంది. వగరులో దీన్ని మించిన ఇటలీ రకాలు అరుదు. తూర్పు తీరాన అబ్రుట్సోలో మోంటెపుల్చానో ద్రాక్ష, అక్కడ కూడా సాంప్రదాయంగా ఎత్తైన పందిళ్లే.

దక్షిణాన కంపానియా, బజిలికాతాల్లో అల్యానికో. అగ్నిపర్వతాల బూడిద నేలలు, ఎత్తైన కొండలు. ఎండ దేశమే అయినా ఇది అక్టోబరు చివరికి, ఒక్కోచోట నవంబరుకు గానీ పండదు. అంత ఎండలో అంతకాలం ఉన్నా పులుపు పోగొట్టుకోదు. ఎండలు పెరుగుతున్న ఈ రోజుల్లో అది చిన్న గుణం కాదు.

బూటు మడమ దగ్గర పూల్యాలో నెగ్రోఅమారో, ప్రిమితీవో. ప్రిమితీవో అంటే ముందుగా పండేది అని. 18వ శతాబ్దం చివర్లో జోయా దెల్ కొల్లె ఊరి చర్చి ఫాదర్ ఫ్రాన్చెస్కో ఫిలిప్పో ఇందెల్లికాతి తన తోటలో కలగాపులగంగా ఉన్న తీగల్లో త్వరగా పండే దాన్ని గమనించి, దాని కొమ్మలే వేరుగా నాటాడు, పేరూ పెట్టాడు. మన రైతులు చేలో మంచి కంకి ఏరి విత్తనానికి ఉంచినట్టే.

చివరగా సిసిలీ. నేరో దావొలా దీవి అంతటా ఉంటుంది. ఎట్నా అగ్నిపర్వతం వాలు మీద మాత్రం నెరెల్లో మస్కలేసే. నల్లటి లావా రాళ్లతో కట్టిన మెట్ల చేలు, ఒక్కో తీగకు ఒక్కో కర్ర పాతి పొదలా పెంచుతారు. ట్రాక్టరు వెళ్లదు, పనంతా మనుషులదే. అక్కడ కొన్ని తీగలకు వందేళ్లు దాటాయి. ఎందుకు బతికాయో తర్వాతి భాగంలో తెలుస్తుంది.

వేరు తినే పురుగు, ఆకు మాడ్చే తెగుళ్లు

19వ శతాబ్దంలో యూరప్ ద్రాక్షకు అమెరికా నుంచి మూడు గండాలు వచ్చాయి. మొదట బూడిద తెగులు. దానికి గంధకం పొడి మందయింది. తర్వాత ఫైలోక్సెరా అనే సన్న పురుగు. నేలలో చేరి వేళ్ల రసం పీలుస్తుంది, తీగ ఎండిపోతుంది. ఫ్రాన్సులో 1860ల్లో మొదలై, ఇటలీలో 1879లో కనిపించింది. మూడోది బూజు తెగులు, అదే డౌనీ మిల్‌డ్యూ. దానికి మందుగా మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమాన్ని ఫ్రాన్సులో మియార్దే అనే శాస్త్రజ్ఞుడు 1885లో ప్రకటించాడు. దారిన పోయేవాళ్లు కాయలు కోయకుండా రోడ్డు పక్క తీగలకు రైతులు ఆ మిశ్రమం చల్లేవాళ్లు. ఆ తీగలకే తెగులు లేకపోవడం చూసి ఆయనకు ఆ సంగతి తట్టింది. మనం కూడా ఈనాటికీ తోటల్లో కొడుతున్న బోర్డో అదే.

ఫైలోక్సెరాకు మాత్రం మందు దొరకలేదు. అమెరికా అడవి ద్రాక్షల వేళ్లు ఈ పురుగును తట్టుకుంటాయి. అందుకని వేరు అమెరికా ద్రాక్షది, పైన తీగ యూరప్ ద్రాక్షది ఉండేలా అంటు కట్టారు. ఈరోజు ఇటలీలో దాదాపు తోటలన్నీ ఇలాంటివే. మనవైపు సంగతి కూడా కొంత ఇలాంటిదే. మహారాష్ట్ర రైతులు ఉప్పు నేలకు, నీటి ఎద్దడికి తట్టుకోవాలని డాగ్‌రిడ్జ్ అనే అమెరికా మూలం మీద థామ్సన్ సీడ్‌లెస్ అంటు కడుతున్నారు.

ఇసుక నేలల్లో ఈ పురుగు బతకలేదు. ఎట్నా మీద లావా ఇసుక ఉన్న కొన్ని చేలల్లో అంటు కట్టని, సొంత వేళ్ల మీద ఉన్న ముసలి తీగలు మిగిలింది అందుకే.

ఇక్కడ ఒక నష్టం చూడండి. తోట మొత్తం పీకి మళ్లీ నాటాల్సి వచ్చినప్పుడు రైతు ఏ రకం అంటు కట్టుకుంటాడు? ఎక్కువ కాసేది, తేలిగ్గా అమ్ముడయ్యేది. వరసకు పది మొక్కలున్న పాత రకాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పురుగు చంపిన రకాలు కొన్నైతే, తిరిగి నాటకపోవడం వల్ల పోయినవి ఇంకొన్ని.

ఆ తర్వాత ఇంకో మార్పు వచ్చింది. టస్కనీ లాంటి చోట్ల పాత పద్ధతిలో ద్రాక్ష ఒంటరి పంట కాదు. తీగల్ని మేపుల్ లాంటి చెట్లకు పాకించేవాళ్లు, వరసల మధ్య గోధుమ, పక్కన ఆలివ్. మనం ఐదంచెల పంట అంటున్నామే, దానికి దగ్గర. ఆ పొలాలు ఎక్కువగా కౌలు పాలికి నడిచేవి, సగం పంట భూస్వామికి. 1964లో కొత్తగా అలాంటి కౌలు ఒప్పందాలు చేసుకోవడాన్ని చట్టం ఆపేసింది. జనం అప్పటికే పట్నాల ఫ్యాక్టరీలకు పోతున్నారు. మిగిలిన నేలలో ట్రాక్టరు తిరిగేలా ఒకే పంట, కొద్ది రకాలు వేశారు. చెట్లతో పాటు వాటి మీద పాకిన ఊరూపేరూ లేని తీగలు కూడా పోయాయి.

చట్టం వద్దన్నా నాటినవాళ్లు

ఈశాన్య మూల ఫ్రియూలి ప్రాంతంలో స్కియోపెత్తీనో అనే నల్ల ద్రాక్ష ఉండేది. మిరియాల ఘాటు లాంటి వాసన దీనికి ప్రత్యేకం. 1970ల నాటికి అక్కడక్కడ చేల గట్ల మీద కొన్ని తీగలు మాత్రమే మిగిలాయి. పోనీ నాటుదామా అంటే చట్టం ఒప్పుకోదు. ఏ జిల్లాలో ఏ ద్రాక్షలు నాటవచ్చో సర్కారు జాబితా ఉండేది, అందులో స్కియోపెత్తీనో లేదు. జాబితాలో లేనిది నాటితే నేరం.

ప్రెపోత్తో దగ్గర చాల్లా అనే చోట రపుత్సీ దంపతులు ఊరూరా తిరిగి, మిగిలిన తీగల నుంచి కొమ్మలు సేకరించి, అంటు కట్టించి తోట వేశారు. అదే ప్రాంతంలో ద్రాక్ష పిప్పి నుంచి సారా తీసే నొనీనో కుటుంబం 1975లో ఒక బహుమతి ప్రకటించింది. నిషేధంలో ఉన్న స్కియోపెత్తీనో, పిన్యోలో, తాత్సెలెంగే లాంటి స్థానిక రకాలను ఎవరు బాగా నాటితే వాళ్లకు. బహుమతి పేరు రిసిత్ దావుర్, స్థానిక భాషలో బంగారు ద్రాక్ష అంటు అని. మొదటి బహుమతి రపుత్సీలకే వెళ్లింది. సర్కారు నేరమన్న పనికి జనం ముందు సన్మానం. కొన్నేళ్లకే ఆ రకాలు అనుమతి జాబితాలోకి ఎక్కాయి. ఈరోజు స్కియోపెత్తీనో సీసాలు దేశాలు దాటి వెళ్తున్నాయి.

పియెమోంటెలో రుకే అనే ద్రాక్షది ఇంకో కథ. 1960ల్లో కస్తాన్యోలే మోన్‌ఫెర్రాతో ఊరి చర్చికి వచ్చిన ఫాదర్ జాకొమో కావుదా, చర్చి తోటలో ఉన్న కొద్ది రుకే తీగల వైన్ రుచి చూసి, ఆ రకాన్నే పెంచి నాటాడు. పూజ అయ్యాక ట్రాక్టరు ఎక్కి తోటకు పోయే ఫాదర్‌గా పేరుపడ్డాడు. చుట్టుపక్కల రైతులు చూసి నాటుకున్నారు. 2010లో ఆ వైన్‌కు ఇటలీలో అన్నిటికంటే పై గుర్తింపు దక్కింది.

ఉంబ్రియాలో సాగ్రాంతీనో కూడా 1960లకు దాదాపు కనుమరుగే. పండగలకు తియ్యటి వైన్ చేసుకోవడానికి కొందరు ఉంచుకున్న తీగలే దాన్ని కాపాడాయి. పండగ అవసరం లేకపోతే ఆ రకం మిగిలేది కాదు. మన దగ్గర కూడా కొన్ని పాత వడ్లు బాలింతల పథ్యం కోసమో, పండగ పిండివంట కోసమో మిగిలాయి కదా, అలాగే.

ఈ మూడింటిలోనూ వరస ఒకటే. మొదట ఎవరో లాభం చూడకుండా కొన్ని తీగలు ఉంచుకున్నారు. తర్వాత ఇంకెవరో వాటి కొమ్మలు తీసుకుని పెంచారు. ఆ తర్వాత పేరు వచ్చింది, ధర వచ్చింది. మొదటి మెట్టు లేకపోతే మిగతా రెండూ లేవు.

పేరుకు రక్షణ, ఆ పేరుతో వచ్చే చిక్కు

ఇటలీ 1963లో ప్రాంతం పేరును కాపాడే చట్టం చేసింది. దాన్ని డీఓసీ అంటారు. ఏ ఊళ్లలో, ఏ రకం ద్రాక్షతో, ఎకరానికి ఎంతకు మించకుండా, ఎంతకాలం నిల్వ ఉంచి చేస్తే ఆ పేరు పెట్టుకోవచ్చో రాసి ఉంటుంది. దానిపై మెట్టు డీఓసీజీ. బరోలో, బ్రునెల్లో లాంటివి 1980 నుంచి అందులో ఉన్నాయి. మనకు 2017లో బంగినపల్లి మామిడికి, 2022లో తాండూరు కందికి వచ్చిన భౌగోళిక గుర్తింపు కూడా ఇలాంటి ఆలోచనే.

కానీ నియమం రాసినంత మాత్రాన నాణ్యత రాదు. 1967 నాటి కియాంతి నియమాల్లో ఎర్ర వైన్‌లో కనీసం 10 శాతం తెల్ల ద్రాక్ష కలిపి తీరాలని ఉండేది. మంచి సాంజోవేసే ఉన్న రైతుకు అది పాలలో నీళ్లు పోయమన్నట్టే. కొందరు ఆ పేరే వద్దనుకుని, మామూలు వైన్ అని రాసి మంచి ధరకు అమ్ముకున్నారు. చివరకు నియమమే మారింది. కియాంతి క్లాసికోలో 1996 నుంచి పూర్తిగా సాంజోవేసేతోనే చేయనిచ్చారు, 2006 నుంచి తెల్ల ద్రాక్ష కలపడమే ఆపేశారు.

1986లో ఇంకా ఘోరం జరిగింది. చవక వైన్‌లో మత్తు శాతం పెంచడానికి కొందరు వ్యాపారులు మిథనాల్ కలిపారు. అది విషం. 20 మందికి పైగా చనిపోయారు, కొందరికి చూపు పోయింది. ఆ దెబ్బకు ఇటలీ వైన్ ఎగుమతులు కుప్పకూలాయి. ఏ తప్పూ చేయని రైతులు కూడా నష్టపోయారు. లీటర్ల లెక్కన చవగ్గా అమ్మడం కాదు, ఎవరి తోట, ఏ ద్రాక్ష అని చెప్పి అమ్మాలన్న పట్టుదల ఆ తర్వాత బాగా పెరిగింది. మన సేంద్రియ ఉత్పత్తుల సంగతీ ఇంతే. ఒకడు రసాయనం కొట్టి సేంద్రియం అని అమ్మితే పోయేది వాడి పరువు ఒక్కటే కాదు.

దేశీ రకమైతే మందులు అక్కర్లేదా?

ఇక్కడ మనం నిజాయితీగా మాట్లాడుకోవాలి. దేశీ రకం కాబట్టి ఏ తెగులూ రాదు అనేది ద్రాక్షలో కుదరదు. బూజు తెగులు, బూడిద తెగులు అమెరికా నుంచి వచ్చినవి. సాంజోవేసే అయినా, నెబ్బియోలో అయినా ఆ తెగుళ్లతో కలిసి పెరిగిన మొక్కలు కావు. కాబట్టి ఇటలీ సేంద్రియ రైతు కూడా గంధకం, బోర్డో వాడక తప్పదు.

రాగి ఆవిరైపోయేది కాదు, కుళ్లేది కాదు. నేలలోనే పేరుకుంటుంది. మోతాదు మించితే వానపాములకు, సూక్ష్మజీవులకు దెబ్బ. అందుకే యూరప్ యూనియన్ 2019 నుంచి హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోల రాగికి మించకూడదని పెట్టింది, అంటే సగటున ఏడాదికి 4 కిలోలు. వాన ఎక్కువ పడిన ఏడు ఎక్కువ, ఎండ ఏడు తక్కువ వాడుకోవచ్చు కానీ ఏడేళ్ల లెక్క దాటకూడదు. మనం బోర్డో కొట్టేటప్పుడు ఇలాంటి లెక్క రాసుకుంటున్నామా? సేంద్రియంలో అనుమతి ఉంది కదా అని ఎంతైనా కొట్టవచ్చనుకోవడం నేలకు మంచిది కాదు.

ఇంకో గండం ఫ్లావెసెన్స్ దొరే అనే పసుపు రోగం. ఆకుల రసం పీల్చే ఒక దీపపు పురుగు దీన్ని మోస్తుంది. రోగం పట్టిన తీగకు మందు లేదు, పీకి కాల్చాల్సిందే. బార్బేరాకు ఇది ఎక్కువగా సోకుతుంది. రోగం ఉన్న ప్రాంతాల్లో పురుగుమందు కొట్టడం చట్టప్రకారం తప్పనిసరి. సేంద్రియ రైతులైతే పూల నుంచి తీసిన పైరెత్రిన్ వాడతారు. పక్కవాడు తోట వదిలేస్తే అక్కడి పురుగు మన తోటకు వస్తుంది. అందుకే ఊరంతా కలిసి చేస్తే తప్ప ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

అయితే రైతు చేతిలో ఉన్నవి చాలానే ఉన్నాయి. గాలి ఆడేలా ఆకు తీయడం, వరసల మధ్య బఠాణీ, ఫాబా చిక్కుడు జాతులు చల్లి పూత దశలో నేలలో కలిపేయడం. మనం జనుము, జీలుగ దున్నేస్తాం కదా, అదే పచ్చిరొట్ట. పులియబెట్టడానికి కొన్న ఈస్ట్ కాకుండా తొక్క మీద, గిడ్డంగిలో సహజంగా ఉండే ఈస్ట్‌నే వాడేవాళ్లు ఉన్నారు. సేంద్రియ రెడ్ వైన్‌లో నిల్వకు వాడే సల్ఫైట్ లీటరుకు 100 మిల్లీగ్రాములకు మించకూడదు, మామూలు రెడ్ వైన్‌కు ఆ హద్దు 150.

మొక్కల ఎంపికలో కూడా రెండు దారులు. నర్సరీ నుంచి ఒకే మంచి తీగ నుంచి పెంచిన మొక్కలు తెచ్చుకోవచ్చు, అన్నీ ఒకేలా ఉంటాయి. లేదా తన పాత తోటలోనే ఆరోగ్యంగా ఉన్న పదుల తీగలకు గుర్తు పెట్టుకుని, వాటన్నిటి కొమ్మలతో కొత్త తోట వేసుకోవచ్చు. రెండో దారిలో రకం ఒకటే అయినా మొక్కకీ మొక్కకీ చిన్న తేడాలుంటాయి. ఒక ఏడు కొన్ని దెబ్బతిన్నా కొన్ని నిలుస్తాయి. కాకపోతే వైరస్ ఉన్న తీగ కొమ్మ తీస్తే ఆ వైరస్ కూడా కొత్త తోటకు వస్తుంది. అందుకే గుర్తు పెట్టే పని ఒక్క ఏడాదితో అయ్యేది కాదు.

'దేశీ' అంటే ఎంత దేశీ?

ప్రిమితీవో గురించి పైన చెప్పాను. అమెరికా కాలిఫోర్నియాలో జిన్‌ఫాండెల్ అనే ద్రాక్ష ఉంది, అక్కడివాళ్లు అది తమ సొంతం అనుకునేవాళ్లు. డీఎన్ఏ చూస్తే అదీ ప్రిమితీవో ఒకటే. 2001లో క్రొయేషియా శాస్త్రజ్ఞులు, కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన కారల్ మెరెడిత్ కలిసి వెతికితే, క్రొయేషియా తీరంలో ఒక పాత తోటలో మిగిలిన కొద్ది తీగలు అదే రకమని తేలింది. అంటే సముద్రం అవతల పుట్టి, పూల్యాకు వచ్చి, అక్కడి మట్టికి అలవాటు పడింది. పుట్టింట్లో దాదాపు అంతరించి, మెట్టినింట్లో ఇల్లు నిలబెట్టింది.

మనలో కొందరు అడుగుతారు, ఆ రకాలు మనం వేయొచ్చా అని. మహారాష్ట్ర సోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గర సాంజోవేసే వేశారు, వైన్ కూడా చేస్తున్నారు. కానీ ఇటలీలో చలికాలం తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది, ఏడాదికి ఒక్క కత్తిరింపు. మన దగ్గర చలి చాలదు, తీగ నిద్రపోదు. అందుకే ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించాలి. కోత ఎండల ముందుకు వస్తుంది. మొక్క అదే, బతుకు వేరు. కాబట్టి ఇటలీ నుంచి మనం తెచ్చుకోవాల్సింది తీగ కాదు అని నా అభిప్రాయం.

తెచ్చుకోవాల్సింది ఆ అలవాటు. ఈ వానాకాలం లోపు ఒక పని చేయండి. మీ ఊళ్లో, మీ అమ్మమ్మగారి ఊళ్లో ఒకే ఒక్క చెట్టుగా మిగిలిన మామిడి, పనస, నిమ్మ, చింత ఏదైనా ఉందేమో చూడండి. టెంక దాచుకుంటే సరిపోదు. అంటు కట్టడం వచ్చిన మనిషిని పిలిచి నాలుగు కొమ్మలు కట్టించండి. ఒకటి మీ దగ్గర ఉంచుకుని మిగతా మూడూ వేరే వేరే ఊళ్లవాళ్లకు ఇవ్వండి. ఎవరి చెట్టు, ఏ ఊరు, కాయ ఎలా ఉంటుంది, ఎప్పుడు పండుతుంది అన్నది ఒక నోటుబుక్కులో రాయండి. పేరు లేకపోతే ఆ ఇంటి ముసలమ్మ ఏమని పిలిచేదో అదే పేరు పెట్టండి.

మా రసాల చెట్టుకు ఆ పని చేయలేకపోయాం. మీ దగ్గర ఇంకా చెట్టు నిలబడే ఉంది కాబట్టి రాస్తున్నాను. కట్టించినవాళ్లు ఆ చెట్టు గురించి కింద రెండు మాటలు రాస్తే, కొమ్మ కావలసినవాళ్లకు దారి తెలుస్తుంది.